వెట్టికి పుట్టినవాళ్లం కాదు

వనపర్తి రాజావారి బంగళా 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ. సంస్థానం నడిచిన రోజుల్లో మామూలు మనిషి తలవంచుకుని తప్ప దగ్గరికి రాలేని ఆ భవనంలోకి ఇవాళ పెబ్బేరు నుంచి, కొత్తకోట నుంచి, ఖిల్లాఘనపురం నుంచి బస్సు దిగిన పిల్లలు భుజాన బ్యాగు వేసుకుని, ఫోన్ చూసుకుంటూ నడిచిపోతారు. ఎవరి కొడుకువని, ఎవరి బిడ్డవని అడిగేవాడు లేడు. పిల్లలకు ఇదేమీ విశేషంగా తోచదు. తోచకపోవడమే విశేషం.

ఈ బంగళా లాగే ఒక బిరుదు కూడా చేతులు మారింది. అది చాలా పాత సంగతి, ఊరు కూడా మనది కాదు. ప్రాచీన ఈజిప్టులో, మెసపొటేమియాలో 'దేవుడి ప్రతిరూపం' అన్న మాట రాజులకు చెల్లేది. ఫరో దేవుడి ప్రతిరూపం. ఆయన పొలం దున్నేవాడు ఎవరికీ ప్రతిరూపం కాడు. బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండము. దాని మొదటి అధ్యాయంలోనే ఆ బిరుదును రాజు మెడలోంచి తీసి మనుషులందరి మెడలో వేశారు. అదే వాక్యంలో ఆడవాళ్లనూ చేర్చారు. కులం, జాతి, ఆస్తి, చదువు అంటూ ఒక్క షరతు పెట్టలేదు.

బస్టాండు పుస్తకాల షాపులో దొరికే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో సగానికి సగం 'నువ్వు సాధించగలవు' అని గట్టిగా అరిచి ఊరుకుంటాయి. ఎందుకు సాధించగలడో చెప్పవు, ఎక్కడ ఆగాలో అసలే చెప్పవు. ఈ పాత కథలో ఆ రెండూ ఉన్నాయి. చర్చికి వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు, గుడికీ మసీదుకీ వెళ్లేవాళ్లు, ఎక్కడికీ వెళ్లనివాళ్లు అందరూ చదువుకోగల కథ ఇది.

ఒక అడ్డు ప్రశ్న ముందే తేల్చుకుందాం. ఆరు రోజుల్లో ప్రపంచం పుట్టిందంటే నమ్మాలా? ఇంటర్ ఫిజిక్స్ చదివిన కుర్రాడు ఇది అడగకపోతేనే తప్పు. కాకపోతే ఆ ప్రశ్న డార్విన్ తర్వాత పుట్టిందనుకోకండి. ఒకటో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా యూదు తత్త్వవేత్త ఫైలో, ఈ ఆరు రోజులు చెప్పేది కాలాన్ని కాదు, క్రమాన్ని అన్నాడు. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిజెన్ ఇంకా ఘాటుగా, సూర్యుడే లేని మొదటి మూడు రోజులను మామూలు రోజులని బుద్ధి ఉన్నవాడెవడైనా అనుకుంటాడా అని నిలదీశాడు. మన దేశానికొస్తే, 1946లో అచ్చైన 'ఒక యోగి ఆత్మకథ'లో పరమహంస యోగానంద తన గురువు శ్రీయుక్తేశ్వర్ చెప్పిన వ్యాఖ్యానం రాశారు: ఆదాము బుద్ధి, హవ్వ భావం, చెట్టు మన దేహం. పోలికలను అంత బిగించి కట్టడం నాకు పూర్తిగా రుచించదు. దారి మాత్రం పాతదే, పెద్దలు నడిచినదే. అక్షరాలా జరిగిందని నమ్మేవాళ్లకు కూడా ఈ దారి మూసి లేదు. జరిగిన సంగతికైనా అర్థం అంటూ ఒకటి ఉంటుంది కదా.

మట్టి, ఊపిరి

1876లో జార్జ్ స్మిత్ అనే బ్రిటిష్ పండితుడు నినెవె శిథిలాల్లో దొరికిన మట్టి పలకలను చదివి, వాటి మీది బాబిలోను సృష్టి కథను ఇంగ్లిష్‌లో అచ్చు వేశాడు. 'ఎనూమా ఎలిష్' అని దాని పేరు. అందులో మనిషి ఎందుకు పుట్టాడో తెలుసా? దేవతల చాకిరీ తన నెత్తిన వేసుకోవడానికి. యుద్ధంలో ఓడిన ఒక దేవుడి నెత్తురుతో మనిషిని తయారు చేసి, పని అతనికి అప్పగించి, దేవతలు సుఖంగా కూర్చున్నారు. దీనికి తెలంగాణలో ఒక్క మాట చాలు. వెట్టి.

ఆదికాండము ఈ వరసను తిరగేసింది. ఇక్కడ పని చేసేది దేవుడు. రెండో అధ్యాయంలోనైతే ఆయన చేతులకు మట్టి అంటుకుంటుంది. నేల మట్టి తీసుకుని మనిషిని చేస్తాడు, ముక్కు రంధ్రాల్లో ఊపిరి ఊదుతాడు. మట్టి పని చేసే దేవుడు! పాలమూరు మనిషికి ఇంతకన్నా దగ్గరి దేవుడు ఎవరుంటారు?

ఎందుకంటే మట్టి పని అంటే ఒకప్పుడు దేశమంతా పాలమూరు లేబరే. ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని మన పల్లెల నుంచి మొగుడూ పెళ్లాం చంటిపిల్లతో సహా కదిలేవాళ్లు. ముసలివాళ్లు ఊళ్లో, వయసువాళ్లు బొంబాయి బస్సులో. వాళ్లు తట్టలు మోసిన కాలువల్లో నీళ్లు ఎవరి పొలాలకో పారాయి. అలాంటి మనిషిని ఏం చేస్తావని అడిగితే 'మట్టి పనోణ్ణి సార్' అనేవాడు. అందులో అబద్ధం లేదు. సగమే చెప్పాడు, అంతే. తోట నాటిన దేవుడు కూడా ఆ లెక్కన మట్టి పనోడే. మిగతా సగం ఊపిరి.

ఆ మిగతా సగం మాట మన ఊళ్లకూ చేరింది. మెనోనైట్ బ్రెదరన్ మిషన్ 1899లో అమెరికా నుంచి హైదరాబాదుకు వచ్చింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నాగర్‌కర్నూలుకూ వనపర్తికీ చేరింది. ఎం.బి. చర్చి అంటే ఇప్పుడు ఇక్కడ తెలియనివారు లేరు. మిషన్ల చరిత్రలో మంచీ ఉంది, చెడూ ఉంది. దాని తీర్పరిని నేను కాను. నా మనసు ఆగేది ఒక్కచోట. పొద్దున లేచిన దగ్గర్నుంచి 'బాంచెన్ దొరా, కాల్మొక్త' అనాల్సిన మనిషికి, నీలో దేవుడి పోలిక ఉందని ఎవరో చదివి వినిపించారు. ఆ మాట విన్నవాడు మర్నాడే దొరను ఎదిరించి ఉండడు. కానీ కొడుకు చేతికి పలక ఇవ్వాలన్న ఆలోచన వచ్చి ఉంటుంది. ఆ ఒక్క ఆలోచనకు రెండు తరాల దూరంలో పాలిటెక్నిక్ గేటు ఉంది.

ఇప్పుడు దొరలు లేరు, వెట్టి చట్టవిరుద్ధం. మనసులో వెట్టి మాత్రం వేషం మార్చుకుని తిరుగుతోంది. 'తెలుగు మీడియం వాణ్ణి, ఇంటర్వ్యూలో నోరెక్కడ తిరుగుద్ది?' 'పాలమూరోళ్లకు అంత సీనెక్కడిది?' 'ఆడపిల్లకు డిగ్రీ చాలదా?' ఈ మాటలు వినయంలా వినిపిస్తాయి. వినయం కాదు. ఎవరో మన నోట్లో పెట్టి పోయిన మాటలు, మనం పెంచి పోషిస్తున్నాం. మీరు తరచూ మీ గురించి అనుకునే ఇలాంటి మాట ఒకటి పట్టుకోండి. అది మొదట ఎవరి నోట విన్నారో గుర్తు చేసుకోండి. చుట్టమా, టీచరా, సినిమానా? పుట్టిన చోటు దొరికితే ఆ మాట బలం సగానికి పడిపోతుంది.

ముందు చోటు

ఆరు రోజులను వరసగా లెక్కపెట్టకుండా మూడూ మూడుగా ఎదురెదురుగా నిలబెట్టండి. మొదటి రోజు వెలుగూ చీకటీ వేరయ్యాయి. నాలుగో రోజు ఆ చోటులోకి సూర్యచంద్రులూ నక్షత్రాలూ వచ్చాయి. రెండో రోజు పైనీళ్లు, కిందినీళ్లు విడిపోయి మధ్యన ఆకాశం ఏర్పడింది. ఐదో రోజు నీళ్లలోకి చేపలు, ఆకాశంలోకి పిట్టలు. మూడో రోజు నేల తేలింది, పచ్చబడింది. ఆరో రోజు ఆ నేల మీదికి జంతువులు, చిట్టచివర మనిషి. ముందు చోటు, తర్వాత చోటు నింపేవి.

మనం చేసేది తలకిందులు. గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చిందని వినగానే కోఠీకి వెళ్లి పుస్తకాలు మోసుకొస్తాం. ఆరు యూట్యూబ్ చానెళ్లు, నాలుగు వాట్సాప్ గ్రూపులు. ఏ వేళ చదవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఫోన్ ఎవరి చేతికివ్వాలి, ఇంట్లో ఏ పనులకు కుదరదని చెప్పాలి అన్నది తేల్చుకోం. ఐదో రోజు చేపలను తెచ్చి మొదటి రోజు చీకట్లో పడేస్తే అవి ఎక్కడ ఈదుతాయి? రోజులో రెండు గంటలకు హద్దు గీయండి, పుస్తకం సంగతి తర్వాత.

మరో వింత చూడండి. వెలుగు మొదటి రోజే వచ్చింది, సూర్యుడు నాలుగో రోజుకు గాని రాలేదు. దీన్ని పట్టుకుని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. ప్రతీకగా చదివితే నాకు ఇదే కథలో అన్నిటికన్నా పదునైన చోటు. మంచి కోచింగ్, చేతినిండా డబ్బు, తెలిసిన ఆఫీసరు, అన్నీ కలిసొచ్చే కాలం ఇవన్నీ సూర్యుళ్లే. వస్తే మంచిదే. వచ్చాకే మొదలుపెడతానన్నవాడు మూడు రోజులు చీకట్లో కూర్చుంటాడు. నాకు ఏం కావాలి, ఎందుకు కావాలి అన్న వెలుగుకు సూర్యుడితో పని లేదు. ఇంకొకటి. ఆ కథ సూర్యుడినీ చంద్రుడినీ పేరుతో కూడా పిలవదు. పెద్ద దీపం, చిన్న దీపం అంటుంది, అంతే. చుట్టుపక్కల రాజ్యాలు వాటికి మొక్కుతున్న కాలమది. ఇక్కడ మాత్రం రోజులూ ఋతువులూ తెలుసుకోవడానికి పెట్టిన గుర్తులు అవి. దరఖాస్తుకు ఆఖరు తేదీ దాటుతున్నా వర్జ్యం పోనీ అని ఆగేవాళ్లు ఇది కాస్త ఆలోచించాలి.

రెండో రోజు గురించి చాలామంది గమనించని సంగతి ఉంది. ప్రతి రోజూ పని అయ్యాక దేవుడు చూసి బాగుందనుకున్నాడని వస్తుంది. రెండో రోజు మాత్రం రాదు. మూడో రోజు రెండుసార్లు వస్తుంది. ఎందుకని? 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ ఇచ్చిన జవాబు ఇది: నీళ్ల పని రెండో రోజు మొదలైంది గాని ముగియలేదు. మూడో రోజు నీళ్లు ఒకచోట చేరి నేల తేలినప్పుడే ఆ పని పూర్తయింది. సగం పనికి 'బాగుంది' అనకూడదు. పూర్తయిన రోజున బాకీతో కలిపి రెండుసార్లు అనాలి.

ఇది చదివిన తర్వాత నాకు ప్రిలిమ్స్ తప్పిన పిల్లలు, రెండేళ్లుగా షాపు నష్టంలో నడుపుతున్న కుర్రాళ్లు గుర్తొస్తారు. వాళ్లు రెండో రోజులో ఉన్నారు. ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోవాల్సింది కూడా ఇంకా ఏమీ లేదు, నిజం ఒప్పుకోవాలి. అయితే దేవుడంతటివాడికే మెప్పు లేని రోజు ఒకటి గడిచిందని రాసి పెట్టి ఉంది. మర్నాడు పొద్దున లేచి ఆ నీళ్ల పని దగ్గరికే వెళ్లాడు, కొత్త పని వెతుక్కోలేదు.

మూడో రోజు నీళ్లన్నీ ఒకచోటికి చేరడం మన ప్రాంతానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువులను ఇక్కడ సప్త సముద్రాలంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్నది రంగసముద్రం. కానాయపల్లి దగ్గరిది శంకరసముద్రం. కరువు సీమలో చెరువుకు సముద్రమని పేరు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి! వాన ఇక్కడ కురవక కాదు. కురిసిన నాలుగు వానలూ రాళ్ల మీంచి జారి కృష్ణలో కలిసిపోతాయి. కట్ట వేస్తేనే చెరువు. తూము ఉంటేనే సాగు. అలుగు లేకపోతే కట్ట తెగుతుంది. మీ తెలివి, మీ ఓపిక కూడా ఈ వాన లాంటివే. తక్కువేం కాదు, నిలవట్లేదు. పొద్దున రీల్స్ వైపు, మధ్యాహ్నం రాజకీయం వైపు, రాత్రి ఎవరి పెళ్లిలో ఎవరు ఏమన్నారన్న దాని వైపు జారిపోతున్నాయి. నీరటి లేని చెరువు ఊరికి పనికిరాదు. మీ చెరువుకు నీరటి మీరే. ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్నది పొద్దునే తేల్చండి.

పేరు పెట్టేవాడు

రెండో అధ్యాయంలో నాకు ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. దేవుడు జంతువులనూ పక్షులనూ చేసి ఆదాము దగ్గరికి తెచ్చాడు. వీటిని ఏమని పిలుస్తాడో చూద్దామని ఎదురుచూశాడు. మనిషి ఏ పేరు పెడితే అదే ఖాయం. సృష్టించినవాడు పేరు పెట్టే పనిని మనిషికి వదిలేశాడు. ఖురాను రెండో సూరాలో కూడా అల్లా ఆదముకు పేర్లన్నీ నేర్పుతాడు. దేవదూతలకు తెలియని ఆ పేర్లు ఆదము చెబుతాడు. రెండు గ్రంథాల కథల్లోనూ మనిషి గొప్పతనం మొదట బయటపడింది పిడికిలితో కాదు, గుర్తుపట్టి పిలవడంతో.

దీనికి వనపర్తి నుంచే ఉదాహరణ ఇస్తాను. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు సున్నా అన్న అర్థం వచ్చేలా ఎవరో ఒక మాట రాశారు. అలాంటి మాటకు మనం ఎలా స్పందిస్తాం? తిట్టి పోస్ట్ పెడతాం. రెండు రోజులు వాదిస్తాం. ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి కవుల వివరాలూ పద్యాలూ తెప్పించారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులు. లేరన్నవాళ్లకు పేర్లతో సహా జవాబు వెళ్లింది. ఆ కవులందరూ మహాకవులా అంటే కాదు. ఆ పుస్తకం గొప్పతనం అక్కడ లేదు. శూన్యం అన్నచోట వెలుతురు వేసి చూస్తే మనుషులు కనబడ్డారు. ఆ ప్రతాపరెడ్డినే 1952లో వనపర్తి నియోజకవర్గం హైదరాబాదు శాసనసభకు పంపింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ఆ అవార్డు అందుకున్న మొదటి పుస్తకం అదే.

మీలో ఏముందో కూడా ఇలాగే లెక్క తీయండి. 'నాకేం రాదు' అన్నది శూన్యం. మోటారు వైండింగ్ వచ్చు, ఉర్దూ మాట్లాడగలను, పంచాయతీ కాగితాలు చదివి చెప్పగలను, ఇరవై మందికి వంట చేయగలను, గొడవ పడినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడగలను. ఒక్కోదానికీ పేరు పెట్టి రాయండి. అలాగే లోపాలకూ పేరు పెట్టండి. 'నా బతుకింతే' అనేది పేరు కాదు, పొగ. 'లెక్కల్లో శాతాలు రావు' అనేది పేరు. దానికి మందుంది.

అమ్మకానికి వచ్చిన పాము

ఇప్పుడు మూడో అధ్యాయం. మనం నాగుల చవితికి పాలు పోసే పాము కాదిది, మాటకారి పాము. హవ్వతో అది చెప్పిన మాట సారం ఇది: ఈ పండు తినండి, మీరు దేవతల్లా అవుతారు. ఇక్కడ ఆగండి. రెండు అధ్యాయాల వెనక్కి వెళ్లండి. వాళ్లను దేవుడి పోలికలో చేశామని అప్పుడే చెప్పారు కదా! ఉన్నదాన్నే లేనిదని నమ్మించి, దాన్నే తిరిగి అమ్మింది పాము. పండితులు ఈ రెండు అధ్యాయాలూ వేర్వేరు సంప్రదాయాల నుంచి వచ్చాయంటారు. అయి ఉండొచ్చు. రెంటినీ పక్కపక్కన కూర్చినవాడు మాత్రం మనుషులను బాగా చదివినవాడు.

ఆ పాము వ్యాపారం ఇప్పటికీ జోరుగా నడుస్తోంది. రంగు తక్కువని చెప్పి క్రీము అమ్మేవాళ్లు, ఇంగ్లిష్ రాకపోతే మనిషివే కాదని చెప్పి ముప్పై రోజుల కోర్సు అమ్మేవాళ్లు, మీలోని దైవశక్తిని మేల్కొలుపుతామని వేలకు వేలు ఫీజు తీసుకుని హోటల్లో రెండు రోజుల శిబిరం పెట్టేవాళ్లు. ఈ చివరివాళ్ల మీద నాకు కోపం ఎక్కువ. దైవ స్వరూపం పుట్టుకతో వచ్చిందని చెప్పే కథనే తీసుకుని, దాన్ని టికెట్టు పెట్టి అమ్ముతారు. గట్టిగా కోరుకుంటే విశ్వం కారు తెచ్చి ఇంటి ముందు పెడుతుందంటారు. ఆదికాండములో అలా ఏదీ ఊరికే ఊడిపడలేదు. మాట తర్వాత పని, పని తర్వాత పరిశీలన, ఆరు రోజుల పాటు. పరీక్ష సులువు. ఎవరైనా మీకు ఏదైనా అమ్మబోయే ముందు మిమ్మల్ని చిన్నబుచ్చితే, మీ జేబు జాగ్రత్త. నేర్పేవాడు మీకు వచ్చినదాన్ని ముందు చూస్తాడు. అమ్మేవాడు రానిదాన్ని ముందు చూపిస్తాడు.

పండు తిన్న తర్వాత జరిగింది మనందరికీ తెలిసిన తంతే. చెట్ల చాటున దాక్కున్నారు. ఎక్కడున్నావని దేవుడు అడిగితే ఆదాము హవ్వను చూపించాడు, పనిలో పనిగా ఆమెను నువ్వే ఇచ్చావు కదా అని దేవుడికీ తగిలించాడు. హవ్వ పామును చూపించింది. పేపర్ లీకైంది, మా మేనేజర్ మంచోడు కాదు, మా నాన్న చదివించలేదు. వీటిలో కొన్ని నిజాలే, న్యాయం కోసం పోరాడాల్సినవే. ఆ పోరాటం చేస్తూనే 'ఎక్కడున్నావు' అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వొచ్చు. నా వయసు ఇంత, నా అప్పు ఇంత, నాకు వచ్చింది ఇది, నాకున్న సమయం ఇంత. అడ్రసు చెప్పనివాడికి ఏ బస్సు ఎక్కాలో ఎవరూ చెప్పలేరు.

కాపలా, సెలవు

దైవ స్వరూపం అనగానే పెత్తనం అనుకునేవాళ్లు ఎక్కువ. భూమిని లోబరుచుకొమ్మన్న మాట మొదటి అధ్యాయంలో ఉన్న సంగతి నిజమే. అడవుల నాశనానికి వేరు ఇక్కడే ఉందని 1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు పెద్ద వ్యాసమే రాశాడు. కానీ రెండో అధ్యాయంలో మనిషికి అప్పగించిన పని తోటను సాగు చేయడం, కాయడం. సాగు చేయకపోతే బీడు, కాయకపోతే దోపిడీ. 2019లో నల్లమలలో యురేనియం కోసం అన్వేషణ అన్నప్పుడు అమ్రాబాద్ చెంచులు, నాగర్‌కర్నూలు జనం అడ్డం నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ చెంచుల్లో ఆదికాండము చదివినవాళ్లు ఎందరో గాని, తోటమాలి పని చేసింది వాళ్లే. మీ శక్తి పెరిగే కొద్దీ మీ చుట్టూ ఉన్నవాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నారా, భయపడుతున్నారా? ప్రమోషన్ వచ్చిన ప్రతివాడూ ఇంట్లోవాళ్లను, కింద పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఏడో రోజు గురించి తక్కువ చెప్పుకుంటాం, బద్ధకం అంటారని భయం. బాబిలోను కథలో దేవతలు తీరిక కోసం మనుషులను పనిలో పెట్టారు. ఇక్కడ దేవుడు తన తీరికలో మనుషులకూ వాటా ఇచ్చాడు. బైబిల్లోనే నిర్గమకాండములో ఉన్న ఆజ్ఞలో ఆ సెలవు పనివాళ్లకూ, పశువులకూ, ఊరు కాని ఊరు నుంచి వచ్చినవాడికీ వర్తిస్తుంది. మన వైపు కూడా సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టని రైతులు ఉండేవారు. ఆదికాండములో రోజు మొదలయ్యేది కూడా సాయంత్రంతో. సాయంత్రం, తర్వాత ఉదయం, ఒక రోజు. అంటే రోజు నిద్రతో మొదలవుతుంది, పని తర్వాత వస్తుంది. రాత్రి రెండు దాకా చదివి పొద్దున క్లాసులో తూగే పిల్లలూ, వాళ్లను చూసి మురిసిపోయే తల్లిదండ్రులూ ఇది గుర్తుంచుకోవాలి. వెట్టివాడికి సెలవు లేదు. సెలవు తీసుకోగలిగినవాడు స్వతంత్రుడు.

ఇక గర్వం సంగతి. మనిషిని అందరికన్నా చివర చేయడంలో యూదు పెద్దలు ఒక చమత్కారం చూశారు. వాళ్ల గ్రంథం తాల్ముడ్‌లో ఉంది: మనిషికి పొగరెక్కితే, దోమ కూడా నీకంటే ముందే పుట్టిందని చెప్పండి. వానాకాలం వనపర్తిలో ఒక్క సాయంత్రం బయట కూర్చుంటే ఆ సత్యం ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద విషయం చివరికి దాచాను. ఆరో రోజు జంతువులను చేశాక బాగుందని విడిగా వస్తుంది. మనిషిని చేశాక మనిషికంటూ విడిగా ఆ మాట రాదు. మొత్తం సృష్టిని కలిపి చూసినప్పుడే చాలా బాగుందని వస్తుంది. ఆవు పుట్టుకతోనే పూర్తిగా ఆవు, చేప పూర్తిగా చేప. మనిషి ఇంకా పనిలో ఉన్నాడు. ముద్ర పడలేదు కాబట్టి చెడిపోనూ వచ్చు, ఎదగనూ వచ్చు. యూదు వ్యాఖ్యాతల్లో కొందరు ఈ లోటును ఇలాగే చదివారు. నాకూ ఇదే సరైన చదువు అనిపిస్తుంది. దైవ స్వరూపం అనేది మనకు ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుంటే సోమరులమవుతాం, లేదా పెత్తందారులమవుతాం. అప్పగించిన పని అనుకుంటే రేపు పొద్దున లేవడానికి కారణం దొరుకుతుంది.

నా మాట నమ్మనక్కర్లేదు. ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు కలిపి 80 వచనాలు, అరగంటలో అయిపోతాయి. ఇంట్లో బైబిలు లేకపోతే చర్చికి వెళ్లే స్నేహితుణ్ణి అడగండి, సంతోషంగా ఇస్తాడు. పెన్సిల్ పట్టుకుని చదవండి. మీ రెండో రోజు పని ఏది మిగిలిపోయిందో పక్కన రాసుకోండి. రేపు దాని దగ్గరికే వెళ్లండి.